తీసేసినాయన ఫోన్ నంబరు

"మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసినాయన నంబరే ఇచ్చారేంటమ్మా? పొరపాటున రాశారా?"

స్కూలు బస్సులు నడిపే కంపెనీ యజమాని కళ్ళజోడు సరిచేసుకుని ఆ కాగితం మళ్ళీ చదివాడు. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసుకునే ఆయన కూతురు పక్కనే ఉంది. ఆమె ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తి, ఎదురుగా కూర్చున్న మెకానిక్ వంక వింతగా చూసింది.

"పొరపాటు కాదండీ. తెలిసే రాశాను," అంది మెకానిక్.

నలభై రెండేళ్ళ మనిషి. ఎంత రుద్దినా గోళ్ళ చివర గ్రీజు వదల్లేదు. అలాగని ఆ చేతులు దాచుకోనూ లేదు, బల్ల మీదే పెట్టుకుని కూర్చుంది. పాత కంపెనీ బస్సుల షెడ్డులో అందరూ ఆమెను బ్రేకులక్క అనేవారు.

"బయట ఇంకా ఇరవై ఆరుమంది ఉన్నారు," అంది కూతురు. "ఒక్కొక్కరి చేతిలో మూడేసి సిఫారసు ఉత్తరాలు. అన్నింట్లోనూ ఒకటే పాట. కష్టపడతారు, అందరితో కలిసిమెలిసి ఉంటారు, చెప్పిన మాట జవదాటరు. మీరేమో..."

"కలిసిమెలిసి ఉండడంలో నేను కాస్త వీకేనండీ."

"పోనీ, ఈయన మీ గురించి మంచి చెప్తారా?"

"చచ్చినా చెప్పరు. కానీ ఆయనకి అబద్ధం ఆడడం రాదు. కోపంలో ఉంటే అసలే రాదు. ఒక్కసారి చేసి చూడండి."

పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె భర్త కూడా తల పట్టుకున్నాడు. "ఇప్పటికి నాలుగు చోట్ల కాదన్నారు. ఇదీ పోతే పిల్ల చదువు సంగతేంటి? ఆ నంబరు కొట్టేసెయ్," అన్నాడు. ఆమె కొట్టెయ్యలేదు. ఆ నాలుగు చోట్లా ఏం జరిగిందో ఆమెకు తెలుసు. అందరిలాంటి కాగితమే పట్టుకెళ్ళింది, అందరిలోనూ కలిసిపోయింది.

యజమాని ఫోన్ బల్ల మధ్యలో పెట్టి స్పీకర్ ఆన్ చేశాడు. తానెవరో, ఎందుకు చేస్తున్నాడో చెప్పాడు. అవతలి గొంతుకి గది దద్దరిల్లింది.

"ఆవిడా? ఆ మొండిఘటం మీ దగ్గరికి వచ్చిందా?"

"అవునండీ. ఎందుకు తీసేశారో చెప్తారా?"

"ఎందుకేంటి సార్! అసలే సెలవుల రద్దీ. నలభైమంది సామాన్లు సర్దుకుని సీట్లలో కూర్చున్నారు. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. ఈవిడ వచ్చి బస్సుకి అడ్డంగా నిలబడింది! వెనక చక్రం బ్రేకు లైనింగు అరిగిందంట. ఈ ఒక్క ట్రిప్పుకీ పోనివ్వమ్మా, రేపు మారుద్దాం అన్నాను. బండి బాగుందని కాగితం మీద సంతకం పెట్టనంది. ఓనర్ని, నేను పెట్టమంటే పెట్టనంది!"

"తర్వాత?"

"తర్వాతేముంది, అందర్నీ దింపాల్సొచ్చింది. చక్రం విప్పి చూస్తే..." గొంతు కాస్త తగ్గింది. "సరే, లైనింగు పూర్తిగా పోయి లోపలి రివెట్లు బయటపడ్డాయి, బ్రేకు పట్టేదే కాదనుకోండి. అది వేరే సంగతి. అంతమంది ముందు నా పరువేం కావాలి?"

కూతురు టైపు చెయ్యడం ఆపేసింది.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు యజమాని.

"ఒకటా రెండా! డ్రైవర్లతో రోజూ గొడవే. ఎవడైనా నిద్ర కళ్ళతో వస్తే చేతిలో తాళాలు లాక్కునేది. ఆ దెబ్బకి ఇద్దరు పని మానేసి పోయారు."

"ముగ్గురు," అంది మెకానిక్ మెల్లగా, ఫోన్లో వినబడకుండా.

"కొత్త పార్టు సీలు వేసిన పెట్టెలో వచ్చినా నమ్మదు. నకిలీదని వెనక్కి పంపేస్తుంది. బతిమాలినా లొంగదు, అరిచినా లొంగదు. మీ మంచి కోరి చెప్తున్నాను సార్. ఆవిణ్ణి మాత్రం తీసుకోకండి. బుర్ర తినేస్తుంది!"

మెకానిక్ ఒక్క మాటకీ తల దించుకోలేదు. ఎవరో తన పొగడ్తల చిట్టా చదువుతున్నట్టు నిటారుగా కూర్చుని వింది.

యజమాని కూతురి వైపు చూశాడు. కూతురు ల్యాప్‌టాప్ మూసేసింది.

"సోమవారం నుంచి రాగలరా అమ్మా?" అన్నాడాయన. "మా దగ్గర ముప్పై నాలుగు బళ్ళున్నాయి. మీ సంతకం పడందే ఒక్కటి కూడా గేటు దాటదు."

"నేను పెట్టనన్న రోజో?"

"ఆ రోజు ఆ బండెక్కే పిల్లలకి సెలవు."

ఆమె మొదటిసారి నవ్వింది. "వస్తానండీ," అంది.

"హలో! హలో!" ఫోన్ ఇంకా అరుస్తూనే ఉంది. "ఏంటి సార్, తీసేసుకున్నారా? ఇంతసేపూ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను కదా!"

"మీరు చెప్పబట్టే తీసుకున్నామండీ. చాలా థాంక్స్."

అవతలి గొంతులో ఇప్పుడు కోపం లేదు, ఏడుపొక్కటే తక్కువ.

"ఎంత పని చేశారు సార్! ఇన్ని చెడ్డలు చెప్తే మీరు వద్దంటారు, రేపు పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి కాళ్ళావేళ్ళా పడైనా వెనక్కి తెచ్చుకుందామనుకున్నానే... ఆవిడ పోయినప్పట్నుంచీ మా ఇంట్లోవాళ్ళే మా బస్సెక్కడం మానేశారండీ!"