తెల్లబట్ట

పెళ్ళిగౌనులో ఉగోన్మా వాకిట్లోకి అడుగుపెట్టిందో లేదో, పామాయిల్ తోట మీదుగా విమానం ఒకటి బాగా కిందుగా వచ్చింది. నానమ్మ పరుగెత్తుకొచ్చి, నడుముకు చుట్టుకున్న ఆకుపచ్చ పైగుడ్డ లాగి ఆమె మీద కప్పేసి, మామిడిచెట్టు కిందికి ఈడ్చింది.

"నానమ్మా, గౌను నలిగిపోతోంది. వదులు."

"తెల్లబట్ట పైకి కనిపిస్తుందే. తల వంచు."

"ఎవరికి కనిపిస్తుంది?"

నానమ్మ ఆమె తలను ఇంకా కిందికి నొక్కింది.

ఉగోన్మా నాన్న కోసం చూసింది. తన చిన్నప్పుడు విమానాలు ఊళ్ళ మీద బాంబులేసిన బయాఫ్రా యుద్ధం గురించి ఎప్పుడడిగినా "ఓడిపోయిన యుద్ధం ఊసెందుకమ్మా, అందరం మర్చిపోయాం" అనే నాన్న, విందు బల్ల కింద బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన పక్కనే పాస్టరుగారు. వంటచేసే పెద్దావిడలు గోడవారగా నక్కారు. వాకిలి మధ్యలో నిలబడి ఉన్నది ఉగోన్మా ఈడువాళ్ళే, సెల్‌ఫోన్లు పట్టుకుని అయోమయంగా నవ్వుతూ.

మోత దూరమయ్యాక నాన్న లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"గుండీ పడిపోతే వెతుకుతున్నా."

"అప్పుడు నీకెన్నేళ్ళు నాన్నా?"

ఆయన గౌను వైపు చూశాడు.

"పన్నెండు. చెల్లికి నాలుగు. కొత్త తెల్లగౌను, విప్పనని ఒకటే ఏడుపు. పోనీలే, ఉంచుకోమన్నాను."

వెళ్ళిన విమానం తిరిగొస్తున్న చప్పుడు వినబడింది.

ఈసారి ఎవరూ చెప్పకముందే ఉగోన్మా తల మీది తెల్లటి పెళ్ళిముసుగు తీసి, మడిచి, పైగుడ్డ కింద దాచేసుకుంది.