చెప్పుకోని కొట్టు

"వెబ్‌సైట్ ఎంతమంది చూశారు?" అడిగింది వదిన.

"నలుగురు. నువ్వు, నేను, అన్నయ్య, నాన్న," అంది ఆడపడుచు తల ఎత్తకుండానే.

కుర్చీలు బాగుచేసే నాన్న కొట్టుకి ఆమే ఆ వెబ్‌సైట్ పెట్టింది. ఈ నెల కూడా పని రాకపోతే కొట్టు మూసేస్తానని నాన్న తేల్చేశాడు.

"కాలనీ గ్రూపులో పెట్టు. మ్యాపులో కొట్టు చేర్చు. పని చేయించుకున్నవాళ్ళని నాలుగు మంచి మాటలు రాయమను. పైసా ఖర్చవదు," అంది వదిన.

"సిగ్గుగా ఉండదూ? మన గొప్ప మనమే చెప్పుకోకూడదని కదా మమ్మల్ని పెంచారు!"

"మా పుట్టింట్లో కొట్టు తెరిస్తే వీధి వీధీ తిరిగి చెప్తాం. చెప్పకుండా కూర్చుంటే, జనమే కాళ్ళరిగేలా వెతుక్కుంటూ రావాలన్న పొగరంటాం. పెళ్ళైన కొత్తలో మిమ్మల్నీ అలాగే అనుకున్నాను."

ఆడపడుచు తల ఎత్తి చూసింది. ఇన్నేళ్ళూ తాము అణకువ అనుకున్నది గుమ్మం అవతలినుంచి ఇలా కనిపిస్తోందన్నమాట.

పక్కనే కుర్చీ కాలికి చిత్రిక పడుతున్న నాన్న చెయ్యి ఆగింది.

"పొగరా?" అన్నాడు. ఆయన్ని ఎవరూ ఏనాడూ ఆ మాట అనలేదు.

చిత్రిక కింద పెట్టాడు. "అయితే పెట్టమ్మా. కుర్చీలు మరమ్మతు చేస్తామని రాయి. బాగా చేస్తామని మాత్రం రాయకు."

"ఆ ముక్క నేను రాస్తాలెండి మామయ్యా," అంది వదిన.

నాన్న వద్దనలేదు. చేతిలోని కుర్చీని కాస్త వెలుతురులోకి జరిపి, "ఫొటో కావాలంటే ఇది తియ్యండి," అన్నాడు.