కొత్త లెన్సులు

"నాకూ ఇరవయ్యే వచ్చింది సర్," అన్నాడు ఆఖరి బెంచీ కుర్రాడు, లెన్సు వైపు కన్నెత్తి చూడకుండానే.

ఫిజిక్స్ సారు లోలోపల నవ్వుకున్నాడు. ఆ ల్యాబులో లెన్సు నాభ్యంతరం ఏళ్ల తరబడి ఇరవై సెంటీమీటర్లే. సీనియర్లు పోతూ పోతూ ఆ అంకె జూనియర్లకు అప్పజెప్పి పోతారు. పిల్లలు ముందు జవాబు రాసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు వండి వారుస్తారు. చూసీ చూసీ ఆయనకు ఒళ్లు మండిపోయింది. అందుకే ఈసారి ప్రాక్టికల్ పరీక్షకు చడీచప్పుడు కాకుండా పదిహేను సెంటీమీటర్ల లెన్సులు తెప్పించి పాత స్టాండ్లలో బిగించాడు. నిజంగా కొలిచినవాళ్లే పాసవుతారు.

మధ్యాహ్నానికి బల్లల నిండా ఇరవైలే. ఇన్నేళ్లు చెప్పిన పాఠం గాలికి పోయిందని ఆయనకు దిగులేసింది.

ఒక్క అమ్మాయి మాత్రం పదిహేడు రాసింది. ఇదివరకే రెండుసార్లు తప్పిన పిల్ల. ఈసారీ పోతే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. చదువు మాన్పించి దుకాణంలో కూర్చోబెడతానని వాళ్ల నాన్న చెప్పనే చెప్పాడట.

"పదిహేడు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"కొలిస్తే వచ్చింది సర్. కిటికీ బయటి దూరపు చెట్టు బొమ్మ తెర మీద స్పష్టంగా పడేదాకా జరిపాను. ఎన్నిసార్లు చూసినా అంతే వస్తోంది."

"లెన్సు మారిందని పసిగట్టి, ఉజ్జాయింపుగా ఓ అంకె పడేశావు. అంతేగా?"

"కావాలంటే మీ ముందే మళ్లీ కొలుస్తాను సర్."

టైమైపోయిందన్నాడాయన. ఇటు పక్కవాళ్ల అంకె కాదు, అటు అసలు అంకె కాదు, కాపీ కొట్టడం కూడా చేతకాని పిల్ల అనుకుని కాస్త జాలిపడ్డాడు కూడా. ఆ అమ్మాయి స్కేలు సంచిలో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం మార్కుల షీటు చూసి హెడ్ మేడమ్ నోరెళ్లబెట్టింది. క్లాసంతా సున్నాలు. సారు జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడు. కంటితో చూసి, చేత్తో కొలిచి, వచ్చింది వచ్చినట్టు రాసే మనిషి ఇక పుట్టడేమోనని వాపోయాడు. మేడమ్‌కీ మనసు పాడైంది. నిట్టూర్చి, సంతకం పెట్టి షీటు ఆఫీసుకు పంపేసింది. అక్కడికి చేరాక అందులో చుక్క కూడా మార్చడానికి వీల్లేదు.

"ఇంతకీ మీరు కొలిస్తే ఎంత వచ్చింది?" అని అడిగింది, కుర్చీలోంచి లేస్తూ.

"నేను కొలవడమెందుకు మేడమ్, లెన్సుల పెట్టె మీద పదిహేనని రాసుందిగా."