ఆలస్యంగా పడే అడుగు

అరకు గిరిజనుల ధింసా నృత్యం నేర్చుకునే విద్యార్థులు విశ్వవిద్యాలయానికి రావడం మానేసి చాలా కాలమైంది. ఎవరి ఇంట్లో వాళ్ళు ఆడితే, వాళ్ళ హోలోగ్రామ్ వెలుగుబొమ్మలు విశాఖపట్నంలోని తరగతి గదిలో వరుసగా నిలబడి ఆడేవి. ఎవరి అడుగు తాళం తప్పిందో గోడమీది యంత్రం చెప్పేది.

వంతల సుకుమతి అడుగు రోజూ ఆలస్యంగానే పడేది. చివరికి యంత్రం ఆమెను ఫెయిల్ చేసింది. మర్నాడు ఆ అమ్మాయి అరకు కొండల నుంచి బస్సెక్కి నేరుగా లెక్చరర్ హైమవతి దగ్గరికి వచ్చింది.

"కోర్సు మానేస్తాను మేడమ్. మా ఊర్లో ఆడోళ్ళందరూ ఆడతారు. నాకొక్కదానికే రాలేదు," అంది తల దించుకుని.

హైమవతి కుర్చీలోంచి లేచింది. "ఒక్కసారి నాతో ఆడమ్మా. తర్వాత నీ ఇష్టం," అని డప్పుల పాట పెట్టి, ధింసాలో పట్టుకున్నట్టే ఆమె వీపు చుట్టూ చెయ్యి వేసింది.

ఇద్దరి పాదాలూ ఒక్కసారే నేలను తాకాయి. ఎంతసేపు ఆడినా ఎక్కడా తప్పలేదు. హైమవతి ఆగిపోయి గోడవైపు చూసింది. యంత్రం కూడా తప్పు చూపించలేదు.

"నీ అడుగులో ఆలస్యం లేదమ్మా! సిగ్నల్ సరిగ్గా అందక, కొండల మీంచి నీ బొమ్మే ఇక్కడికి ఆలస్యంగా వస్తోంది. ఇన్నాళ్ళూ ఆ తప్పు నీ కాళ్ళమీద వేశాం."

సుకుమతి నమ్మలేనట్టు చూసింది. "అయితే నాకు వచ్చినట్టేనా?"

"బాగా వచ్చు. మార్కులు ఇప్పుడే దిద్దుతాను."

సుకుమతి గట్టిగా ఊపిరి వదిలి, కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"మార్కులు తర్వాత దిద్దండి మేడమ్. పాట ఇంకా అవలేదు," అంటూ హైమవతి నడుం చుట్టూ చెయ్యి వేసి లాగింది.