పద్నాలుగో వరస

"ఇక్కడ పేరు రాయండి," అంటూ శ్మశానం ఆఫీసులో ముసలాయన రిజిస్టరు ముందుకు తోశాడు.

దేదీప్య పొన్నాడ, అని రాసిందా అమ్మాయి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ పేరు ఇంకోసారి చదువుకున్నాడు.

"ఎవరి కోసం?" అన్నాడు ఇంగ్లీషులో.

"మా తాతయ్య తమ్ముడు, రాజశేఖరం పొన్నాడ. 1966లో పోయారట. ఆఖరి ఉత్తరం ఈ ఊరి నుంచే వచ్చింది."

"అంత పాతవంటే కష్టమే. చూద్దాం."

ఆయన చొక్కాకి 'రే' అని బిళ్ల ఉంది. ఆ పాత శ్మశానంలో రికార్డులు చూసిపెట్టే వాలంటీరు. చామనఛాయ మనిషి, మాట మాత్రం అచ్చం అమెరికావాళ్లది. ఏ కరీబియన్ దీవుల వాడో అనుకుంది దేదీప్య. అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఎడిసన్‌లోని తమ ఇంటి నుంచి గంట డ్రైవ్ చేసుకుని వచ్చేది.

కౌంటీ ఆఫీసులో వీలునామాలు అప్పటికే తిరగేసింది. సెన్సస్ చూద్దామంటే డెబ్బై రెండేళ్లు నిండితే గానీ బయటపెట్టరు. హిందువు కదా అని దహనాల జాబితాలూ చూసింది. ఇక మిగిలినవి ఈ ఖననాల పుస్తకాలే.

"చచ్చిపోయినవాడి కోసం ఎందుకింత తిప్పలు?" అన్నాడు రే ఒకరోజు.

"మా తాతయ్యకి తొంభై. మాతోనే ఉంటారు. తమ్ముడంటే బెంగ. సమాధి అయినా సరే, పోయేలోపు ఒక్కసారి చెయ్యి వేసి చూడాలంటారు."

రే పేజీ తిప్పబోయి ఆగాడు.

"ఏటా తద్దినం కూడా పెడతారు. ఆవ పెట్టిన కంద కూర ఉండాల్సిందే. కంద అంటే, ఇక్కడి యామ్ లాంటిది..."

"గొంతు దురద పెట్టదూ?"

"పెడుతుంది! అయినా తమ్ముడికి అదే ఇష్టమట."

రే నవ్వాడు. నవ్వుతూనే కిటికీ వైపు తిరిగిపోయాడు.

"బయట రాళ్ల మీద పేర్లు కూడా చూద్దామా మిస్టర్ రే?"

"నువ్వు ఈ పక్క చూడు. ఆ పద్నాలుగో వరస దగ్గర నేల జారుతుంది. అటు నేను చూస్తాను."

ఇరవై నాలుగేళ్ల పిల్లకి జారే నేల ఎనభయ్యారేళ్లాయనకి జారదా? ఆ మాత్రం ప్రశ్న దేదీప్యకి తట్టనే లేదు.

నవంబరులో తాతయ్య మల్లికార్జునరావు నోరు విప్పాడు.

"వాడు అరవై ఆరులో చావలేదే తల్లీ. మేమే చంపుకున్నాం."

"వాట్? అదేంటి తాతయ్యా?"

"అమెరికా పిల్లని పెళ్లి చేసుకున్నానని ఉత్తరం రాశాడు. మా నాన్న ఘటశ్రాద్ధం పెట్టించాడు. బతికున్నవాడికి కర్మ చేసి, కుండ పగలగొట్టి, మాకు ఇక లేడనుకున్నాం. నీకు చెప్పిన తారీఖు అదే. ఆ కుండ పట్టుకొచ్చినవాణ్ణి నేనే."

"మరి ఎవ్రీ ఇయర్ తద్దినం ఎందుకు?"

"ఆ వంకనైనా ఏడాదికోసారి ఇంట్లో వాడి పేరు పలుకుదామని."

తాతయ్య ఏడుస్తుంటే ఏం చేయాలో దేదీప్యకి తెలియలేదు. పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

ఆ ఆదివారం పరుగున వచ్చి అంతా రేకి చెప్పేసింది.

"ఏడాదే తప్పు మిస్టర్ రే! 1966 తర్వాతవన్నీ మళ్లీ మొదటి నుంచి చూడాలి."

రే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కుండ తెచ్చింది నేనేనని... ఆయన నోటితో ఆయనే అన్నాడా?"

"అన్నారు. క్షమించమని అడగడానికైనా సమాధి కావాలంటున్నారు."

రే పుస్తకం మూసేశాడు.

"వచ్చే ఆదివారం మీ తాతగారిని తీసుకురా."

"దొరికిందా?"

"ఆ పాటికి దొరుకుతుంది."

ఆదివారం బయల్దేరే వేళకి కారు తాళాల కోసం దేదీప్య ఇల్లంతా కలియదిరిగింది. తీరా చూస్తే అవి చేతిలోనే ఉన్నాయి.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వరస," అని తాతయ్య వేళాకోళం చేశాడు. ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

శ్మశానం ఆఫీసులో రే లేడు. ఆ కుర్చీలో ఎవరో ఒకావిడ ఉంది.

"రే గురువారం పోయాడమ్మా. నిద్రలోనే. నిన్ననే ఖననం చేశాం."

ఇన్ని వారాల్లో దేదీప్య ఆయనకి ఒక్క కాఫీ అయినా కొనిపెట్టలేదు.

"మీరొస్తే ఇమ్మని బుధవారం ఈ చీటీ ఇచ్చి వెళ్లాడు."

రెండే రెండు ముక్కలున్నాయి అందులో. 'పద్నాలుగో వరస, తొమ్మిదో రాయి. నేనక్కడే ఉంటాను.'

తాతయ్య చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్లింది. నేల ఎక్కడా జారలేదు.

తొమ్మిదో రాయి మొగుడూ పెళ్లాలకి ఉమ్మడి రాయి. ఒకరు ముందు పోతే రెండోవారి పేరు కూడా అప్పుడే చెక్కించి, పోయిన ఏడు మాత్రం ఖాళీగా ఉంచడం ఇక్కడివాళ్ల అలవాటు. పాతిపెట్టనివాళ్ల పేర్లు ఖననాల పుస్తకానికి ఎక్కవు.

ఎడమవైపు ఎలినార్, 1941–2009.

కుడివైపు రాజశేఖరం పొన్నాడ, 1938. ఆ పక్కనంతా ఖాళీ.

"దొరికావురా," అన్నాడు తాతయ్య. వంగి చేత్తో ఒక్కో అక్షరం తడిమాడు. "నన్ను క్షమించరా శేఖరం."

రాయి కింద మట్టి ఇంకా తడిగానే ఉంది. దాని మీద పూలు, పూల మధ్య 'రే' అని రాసిన బిళ్ల.

"ఎప్పుడు పోయాడే తల్లీ, నా తమ్ముడు?"

దేదీప్య ఆయన భుజం గట్టిగా పట్టుకుంది.

"మొన్న గురువారం, తాతయ్యా."