మూడో ప్రకటన

“పెండ్లి చేసుకుంటావా, వెలెయ్యమంటావా? ఏదో ఒకటి బేగా చెప్పు. గంట కొట్టేసినారు,” అన్నాడు సంఘపెద్ద రాజరత్నం.

ఆళ్లగడ్డ చర్చి పక్క గదిలో నలుగురు పెద్దల మధ్య దేవదానం నిలబడి ఉన్నాడు. సాటి మగవాడిని ప్రేమించడం అతను చేసిన నేరం. సంఘానికి అతని మీద ఎంత శ్రద్ధంటే, ఆ రెండోవాడైన గురుస్వామిని పోయిన నెలే ఒళ్లు హూనం చేసి ఆత్మకూరు బస్సెక్కించారు. ఇతనికి మాత్రం దయతలచి నంద్యాలలో ప్రసన్నకుమారి అనే పిల్లను చూశారు. 1978లో అంతకన్నా గొప్ప వైద్యం వాళ్లకు తెలియదు మరి.

“ప్రసన్నకుమారికి నా సంగతి చెప్పినారా అన్నా?”

“చెప్తే ఎవడిస్తాడ్రా పిల్లను?”

“ఆయమ్మి ఏం పాపం చేసిందన్నా? బతుకంతా నాశనమైతాది.”

“నీ బతుకు బాగుచేస్తాంటే నోరు లేస్తాందే! వెలేస్తే రేపు మీ అమ్మకు సమాధుల తోటలో జాగా గూడా ఇయ్యం. తెలిసిందా?”

దేవదానం తల్లి హన్నమ్మ ఆరు నెలలుగా మంచం దిగలేదు. ఈయనైనా అడ్డుకుంటాడేమోనని అతను పాస్టరు పరంజ్యోతి వైపు చూశాడు.

“పెండ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి నాయనా,” అన్నాడు పాస్టరు, తెల్ల అంగీ తొడుక్కుంటూ.

ఆరాధన మొదలైంది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు సంఘం ముందు చదవడం ఆనవాయితీ. రెండుసార్లు అయిపోయాయి. ఈ మూడోసారీ ఎవరూ కిమ్మనకపోతే బుధవారం తాళి కట్టడమే.

చర్చిలో అందరికీ సంగతి తెలుసు. దేవదానం కూర్చున్న బెంచీ మీద ఇంకొకరు కూర్చోలేదు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. అంతమంది భక్తుల్లో ఆ నంద్యాల పిల్ల మీద ఒక్కరికైనా జాలి కలగలేదు. సిగ్గుచేటు.

పాస్టరు కాగితం తీసి ఇద్దరి పేర్లూ చదివాడు. “ఇది మూడవది, కడపటిది. ఈ వివాహమునకు అభ్యంతరమెరిగిన వారెవరైనా ఉన్నయెడల ఇప్పుడే తెలుపవలెను.”

దేవదానం లేవబోయాడు. వెనక బెంచీలోంచి రాజరత్నం అతని భుజం పట్టి నొక్కేశాడు.

“నాకుంది అభ్యంతరం!”

ఆడవాళ్ల వైపు ముందు వరసలోంచి ఒకామె లేచి నిలబడింది. పాస్టరు భార్య లూదియా.

“కూచోండమ్మా!” అని గద్దించాడు రాజరత్నం. “ఇట్లాంటి పెండ్లిళ్ల సంగతి మీకేం తెలుసు?”

“నాకు గాక ఇంకెవరికి తెలుస్తాదప్పా?” ఆమె భర్త ముఖంలోకే చూస్తూ అంది. “ఇరవై రెండేండ్ల కింద ఈయన్ను గూడా ఇట్లనే బాగుచేస్తామని, నన్ను తెచ్చి కట్టబెట్టినారు.”