ఊటబాడవలో తెల్లపువ్వు

మొక్కలకు గుర్తుగా కట్టిన ఎర్ర రిబ్బన్లు విప్పెయ్యమని ఫణిశ్రీ గొంతు తగ్గించి చెప్పింది.

మణిదీప్ ఎందుకని అడగలేదు. కాలిబాట మీద ఎవరో వస్తున్న అలికిడి అతనికీ వినిపించింది.

ఫణిశ్రీ రాజమండ్రిలో బోటనీ లెక్చరరు. మణిదీప్ ఆమె దగ్గర రీసెర్చి చేస్తున్నాడు. పోలవరం అవతల సున్నపురాయి కొండల నడుమ, ఎప్పుడూ ఊటనీళ్లు నిలిచే ఈ పల్లపు ఊటబాడవలో ఏ మొక్క ఏ మొక్కతో కలిసి బతుకుతుందో చూడడమే వాళ్ల పని.

అంచున మద్దిచెట్లు. లోపలికి వెళ్తే నీళ్లలోనే నిలబడ్డ నేరేళ్లు. వాటి వేళ్ల చుట్టూ తుంగ, ఫెర్నులు. ఆ వేళ్ల సందుల్లో ఒక తెల్లని ఆర్కిడ్.

సున్నపు ఊట, నేరేడు నీడ, ఫెర్నుల చెమ్మ. మూడూ కలిసిన చోటే అది పూస్తుంది. ఇంకెక్కడా వాళ్లకు కనబడలేదు.

కొండను క్వారీకి ఇవ్వాలో వద్దో రేపు ప్రభుత్వ కమిటీ తేల్చేస్తుంది. ఇస్తే ఊట ఎండిపోతుంది. అడవీ ఉండదు, పువ్వూ ఉండదు.

ఈ కొండలో ఆర్కిడ్ ఉందని ఫణిశ్రీ కమిటీకి రిపోర్టు పంపింది. ఏ చోట ఉందో మాత్రం రాయలేదు. చోటు బయటపడితే దొంగలు దుంపలతో సహా పెకలించుకుపోతారు. అందుకే అరుదైన మొక్క జాడ పరాయివాళ్లకు చెప్పరు. మొక్కల మనుషులందరూ పాటించే పద్ధతే అది.

ఆఖరి రిబ్బను మణిదీప్ జేబులోకి చేరేసరికి ఆ మనిషి వచ్చేశాడు.

అరవై దాటిన వయసు. భుజాన ఖాళీ సంచి, మెడలో భూతద్దం. వెంట ఎవరూ లేరు.

"ఎవరండీ మీరు?" అంది ఫణిశ్రీ.

"సూర్యప్రకాశం అంటారండి. మాది నిడదవోలు." ఆయన ఆయాసం తీర్చుకున్నాడు. "ఇక్కడేదో తెల్లపువ్వు ఉందటగా. ఒక్కసారి చూపిస్తారా?"

మణిదీప్ ముఖం బిగుసుకుంది. ఆ పువ్వు సంగతి పేపర్లలో కూడా రాలేదు.

"పువ్వేంటండీ బాబూ," అని నవ్వాడు. "తుంగ, బురద, జలగలు. కావాలంటే జలగల్ని పట్టుకెళ్లండి."

ఆయన నవ్వలేదు. మొలకలు నలుగుతాయని చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని ముందుకు వచ్చాడు.

ఫణిశ్రీ అది చూసింది. ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది.

వద్దన్నట్టు మణిదీప్ తల ఊపాడు.

గాలి వీచింది. ఆయనకు చేతికందే దూరంలో, వేరు వెనక, ఒక తెల్లరేకు కదిలింది. ఫణిశ్రీ రెండడుగులు పక్కకు జరిగి దానికి అడ్డంగా నిలబడింది.

"నిజమేనా అమ్మా?" అన్నాడాయన. "ఏమీ లేదా?"

"ఏమీ లేదండి."

"మీరు చదువుకున్నవాళ్లు. బాగా చూసే చెబుతున్నారా?"

"అడుగడుగూ చూశామండి. ఇక్కడ కాపాడుకోవలసిందేమీ లేదు."

ఆయన ఆమె కళ్లలోకి చాలాసేపు చూశాడు. తర్వాత శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

మణిదీప్ కొండ మలుపు దాకా వెనకాలే వెళ్లి, ఆయన దిగిపోయాడని రూఢి చేసుకుని వచ్చాడు.

"మర్యాదస్తుడైన దొంగ మేడమ్," అన్నాడు.

ఫణిశ్రీ బురదలోనే కూలబడి నవ్వింది. మొక్క దక్కింది.

మర్నాడు మధ్యాహ్నం దుర్గాశ్రీ ఫోన్ చేసింది. ఒకప్పుడు ఫణిశ్రీ స్టూడెంటు, ఇప్పుడు కమిటీ ఆఫీసులో ఉద్యోగి.

కొండ క్వారీకి వెళ్లిపోయింది. ఉత్తర్వు కూడా వచ్చేసింది.

రిపోర్టులో ఫోటోలు చూడలేదా అని ఫణిశ్రీ అడిగింది. అవి ఎక్కడివో ఎవరికి తెలుసని క్వారీవాళ్లు అన్నారట. కమిటీ రెండుగా చీలిందట. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. ఆఖరి మాట కొత్తగా వచ్చిన ఛైర్మన్‌గారిది.

"ఆయన మీ వైపే ఉన్నారు మేడమ్," అంది దుర్గాశ్రీ. "ఆ పువ్వును కళ్లారా చూసొచ్చి క్వారీవాళ్ల నోళ్లు మూయించాలని, వాళ్లకు తెలియకుండా నిన్న ఒక్కరే కొండెక్కారు. అక్కడ కాపాడుకోవలసిందేమీ లేదని సూర్యప్రకాశం గారికి మీరే చెప్పారటగా."